బొత్తాం శనివారాలు

బొత్తాం శనివారాలు మాత్రమే జబ్బు పడేవాడు.

మిగతా రోజుల్లో వాడంత ఆరోగ్యంగా ఉన్న పిల్లి కాకినాడ జగన్నాథపురం మొత్తంలో లేదని నూకరాజు నమ్మకం. పొద్దున్నే కుట్టుమిషను మీదెక్కి కూర్చునేవాడు, ఉడకబెట్టిన చేపముక్కలు మర్యాదగా తినేవాడు, కటింగు బల్ల కింద పడ్డ గుడ్డపీలికల్లో దొర్లేవాడు. శనివారం వచ్చిందంటే మాత్రం మధ్యాహ్నానికల్లా నీళ్ల గిన్నె దగ్గర చతికిలబడి తాగుతూనే ఉండేవాడు. చీకటి పడే వేళకి కాళ్లు తడబడి, కళ్లు తేలేసేవాడు. ఆదివారం పొద్దుటికి ఏమీ ఎరగనట్టు మళ్లీ మిషనెక్కేవాడు.

నూకరాజు ఆడవాళ్ల టైలరు. కొలతల దగ్గర తప్పితే ఎవరితోనూ పేచీ పెట్టుకునే మనిషి కాదు. భార్య పోయాక కూతురు మంగతాయారే ఆయన లోకం. పేరు నాయనమ్మది, బుర్ర ఎక్కణ్ణించి వచ్చిందో తెలీదు అని నవ్వేవాడు. ఆ పిల్ల చదివీ చదివీ ఊరి చివర ఒక పరిశోధనశాలలో చేరింది. చక్కెర జబ్బుకి సూదుల బాధ లేని వైద్యం కనిపెట్టడం వాళ్ల పని. బొత్తాన్ని ఇంటికి తెచ్చింది కూడా మంగే. ల్యాబు గేటు దగ్గర వానలో దొరికాట్ట. వచ్చిన పూటే డబ్బాలోంచి ఒక జాకెట్టు బొత్తాం కరుచుకుని బీరువా కిందకి దూరాడు కాబట్టి ఆ పేరు.

రెండేళ్ల కిందట మంగ పోయింది. ఇంటికొస్తుంటే ఆమె స్కూటీని లారీ గుద్దింది. ఆ సంగతి నూకరాజు ఎవరితోనూ మాట్లాడడు. అది ఏ వారమో కూడా నోటితో అనడు.

పిల్లి మిగిలింది. కొన్నాళ్లకి ఆ పిల్లి కూడా చిక్కిపోవడం మొదలుపెట్టింది. ఎంత తిన్నా ఒంటికి పట్టేది కాదు. వెనక కాళ్లు మడమల దాకా నేలకానించి ముసలాడిలా నడిచేవాడు. నూకరాజు వాణ్ణి గుడ్డసంచీలో వేసుకుని డాక్టర్ ఎస్తేరు దగ్గరికి పరిగెత్తాడు. ఎస్తేరు పశువుల డాక్టరు, మంగకి ప్రాణస్నేహితురాలు. ఆ ల్యాబులో పిల్లుల మీద జరిగే పరీక్షలన్నీ ఆమె చేతి మీదుగానే జరిగేవి. ల్యాబు మూతపడ్డాక సినిమా రోడ్డులో సొంతంగా క్లినిక్ పెట్టుకుంది.

"చక్కెర జబ్బండి బాబాయ్ గారూ. మనకొచ్చేదే వీళ్లకీ వస్తుంది," అంది చెవి అంచున తీసిన రక్తపు చుక్క చూసి.

"నేనేం పెట్టానమ్మా అంత? మిఠాయి కొట్టేమన్నా పెట్టానా?"

"పాలన్నం పెట్టుంటారు. పెరుగన్నం పెట్టుంటారు. మిగిలిన పాయసం కూడా పెట్టే ఉంటారు."

నూకరాజు నేలచూపులు చూశాడు. పాయసం మాట నిజమే.

జన్మంతా సూది పట్టుకు బతికిన మనిషికి, పిల్లి వీపున వెంట్రుకంత ఇన్సులిన్ సూది గుచ్చాలంటే చెయ్యి వణికిపోయింది. ఎస్తేరు ఆయన వేళ్లు పట్టుకుని బొత్తాం వీపు మీద చర్మాన్ని పైకి లాగించింది. "ప్లీటు పట్టినట్టు పట్టండి. ఆ మడతలోకి సూది పోనివ్వండి. అంతేనండి." ప్లీటు అనేసరికి చెయ్యి కుదిరింది. ఆ రోజునించి పొద్దునా సాయంత్రం ముందు తిండి, తరవాత సూది, మధ్యమధ్య చెవిలో రక్తపు చుక్క. ఏ మాత్రం తేడా కనిపించినా ఎస్తేరుకి ఫోను. ఆమె మోతాదు చెప్పడం, ఈయన రెండుసార్లు తిరిగి అడగడం.

పెళ్లిళ్ల కాలం వచ్చింది. చేతినిండా జాకెట్లు. ఒక పొద్దున బొత్తాం తిన్నాడో లేదో చూసుకోకుండా సూది వేసేశాడు నూకరాజు. గిన్నెలో చేప అలాగే ఉంది. కాసేపటికి బల్ల కింద టపటపమని చప్పుడైతే వంగి చూశాడు. బొత్తాం నాలుగు కాళ్లూ కొట్టుకుంటున్నాడు. చక్కెర పడిపోయిందని గ్రహించి చిగుళ్లకి తేనె రాసి, ఒళ్లో పెట్టుకుని క్లినిక్కి చేరేసరికి ఆయన చొక్కా అంతా తడిసి ముద్దయింది.

"నావల్ల కాదమ్మా," అన్నాడు బొత్తాం తేరుకున్నాక. "నా చేతుల్తో చంపేసేవాణ్ణి."

ఎస్తేరు బొత్తాన్ని ఆయన ఒళ్లోకి అందించింది. తరవాత లోపలికెళ్లి, పొగలు కక్కుతున్న చలిపెట్టెలోంచి ఒక చిన్న గాజుబుడ్డి తెచ్చి కిటికీ వెలుతురులో పట్టింది. అడుగున మెంతిగింజలంత పూసలు, సగ్గుబియ్యం ఉడికినట్టు తెల్లగా ఉన్నాయి.

"మంగా నేనూ చేసినవండి. ఒక్కో పూసలో బతికున్న కణాలుంటాయి. మనిషి రక్తపు చుక్కలోంచి కణం తీసి, దాన్ని పుట్టుకముందు నాటి పసితనానికి తిప్పి, మళ్లీ ఇన్సులిన్ తయారుచేసే పని నేర్పించాం. చర్మం కింద పెడితే చక్కెర ఎంతుందో అవే చూసుకుంటాయి, ఎంత మందు కావాలో అవే వదుల్తాయి. మీరు సూది పట్టక్కర్లేదు. ఇదే ఆఖరి బుడ్డి."

"ఎవరివమ్మా ఆ కణాలు?"

"ఎవరో దాతవండి. పేరు మాకు చెప్పరు," అంటూ ఎస్తేరు మూత బిగించింది. బిగిసిన మూతనే మళ్లీ బిగించింది.

పూసలు బొత్తాం పొట్ట మీద చర్మం కింద చేరాయి. మెడ దగ్గర అతికించిన చిన్న బిళ్ల వాడి రక్తంలో చక్కెర ఎంతుందో ఎప్పటికప్పుడు ఇద్దరి ఫోన్లకీ పంపేది. వారం తిరిగేసరికి సూది అవసరం తీరిపోయింది. నెల తిరిగేసరికి వాడు మళ్లీ వేళ్ల మీద నడిచాడు. నూకరాజు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు, మా అమ్మాయి కనిపెట్టిన మందని. విన్నవాళ్లకే మళ్లీ చెప్పేవాడు.

ఆ తరవాత శనివారాలు మొదలయ్యాయి.

ఎస్తేరు మొదట నూకరాజునే అనుమానించింది. "శనివారం ఏం పెడుతున్నారండి?" అంటే ఆయనకి కోపం వచ్చింది. రోజూ పెట్టే చేపే పెట్టాను, కావాలంటే వచ్చి చూసుకో అన్నాడు. ఎస్తేరు నిజంగానే క్లినిక్ మూసుకుని వచ్చి, పొద్దుటినించీ ముక్కాలిపీట మీద కూర్చుంది.

అదే చేప. అదే కొలత. అయినా చక్కెర పెరుగుతూనే ఉంది. పూసల్లో కణాలు నిన్నటిదాకా చేసిన పని మానేసి చేతులు ముడుచుకు కూర్చున్నట్టున్నాయి. "చచ్చిపోయాయందామంటే రేపటికి మళ్లీ పనిలోకొస్తాయి," అంది ఎస్తేరు తల పట్టుకుని. నూకరాజు మధ్యాహ్నం తన అన్నం తను తిన్నాడు. శనివారం పూట ఆయన మామూలుకంటే ఎక్కువే తింటాడు, కసిదీరా తింటాడు. ఎస్తేరు అది చూసి తలతిప్పుకుంది.

పొద్దు వాలింది. ఎదురింటావిడ వాకిట్లో దీపం పెట్టి వెళ్లింది. ఎస్తేరు ఫోను అప్పుడు కుయ్యిమంది. అంతెత్తున ఉన్న చక్కెర గబగబా జారిపోతోంది. బొత్తాం లేచి నిలబడబోయి పక్కకి ఒరిగాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని చిగుళ్లకి గ్లూకోజు రాశారు, ఒకరి తరవాత ఒకరు, వాడి కళ్లు మళ్లీ నిలబడేదాకా.

"తిండి పెట్టకుండానే ఇన్సులిన్ వదిలేశాయండి," అంది ఎస్తేరు ఊపిరి తీసుకుని. "మామూలుగా చక్కెర ఎంతుంటే అంతకే వదలాలి. ఇవి పొద్దుటినించీ ఏమీ రాదని తెలిసినట్టు ఊరుకున్నాయి. ఈ వేళకి పెద్ద భోజనం వస్తుందని తెలిసినట్టు ఒక్కసారి..."

నూకరాజు ఆమెకేసి చూడటం లేదు. ఎదురింటి దీపంకేసి చూస్తున్నాడు.

భార్య పోయిన ఏడాది ఆయన శనివారం ఉపవాసం పట్టాడు. పగలంతా మంచినీళ్లు, దీపం పెట్టాక గోధుమరవ్వ ఉప్మా, అరటిపండు. రెండో వారమే మంగ పీటేసుకుని ఎదురుగా కూర్చుంది. నాన్న తినకపోతే నేనూ తినను అంది. జానెడు పిల్ల. తిట్టాడు, బుజ్జగించాడు, వినలేదు. ఆ తరవాత హాస్టల్లో ఉన్నా, పరీక్షలున్నా, ల్యాబులో అందరూ బిర్యానీ తెప్పించుకున్నా, శనివారం ఆ పిల్ల నోట్లో మెతుకు పడింది లేదు. సాయంత్రానికి ఎలాగోలా ఇల్లు చేరేది. ఇద్దరూ రెండు పళ్లేలు పెట్టుకుని, గంట కొట్టగానే బడిపిల్లలు పరిగెత్తినట్టు ఉప్మా మీద పడేవాళ్లు.

ఆఖరి శనివారం ఆయన రెండు పళ్లేలూ పెట్టుకుని కూర్చున్నాడు. ఉప్మా చల్లారింది. ఫోను వచ్చింది. ఆ పిల్ల పొద్దుటినించీ ఏమీ తినకుండా, ఖాళీ కడుపుతో పోయింది. లోకంలో ఆయనకి మింగుడుపడనిది ఆ ఒక్క ముక్కే. ఆనాటినించి దేవుడి పటం బీరువా వెనక్కి పోయింది. శనివారం మధ్యాహ్నం కంచంలో అన్నం గుట్టయింది.

"ఎస్తేరమ్మా," అన్నాడు నూకరాజు. "ఆ కణాలు ఎవరివి?"

ఎస్తేరు బొత్తాం తల నిమిరింది. దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదని ఇద్దరికీ తెలుసు.

"ఈ పూసలు చేసిన ఏడాది తుఫానుకి కరెంటు పోయి, దాతల రక్తం అంతా పాడైపోయిందండి. మర్నాడు పరీక్ష మొదలుపెట్టాలి. సొంత రక్తం వాడకూడదని ల్యాబులో మొట్టమొదట నేర్పే నియమం. నేను వద్దంటూనే ఉన్నాను. మంగ తన వేలే పొడుచుకుంది. ఒక్క చుక్కేగా, ఎవరికి తెలుస్తుంది ఎస్తేరూ అంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే మీరు ఒప్పుకోరేమోనని కొంత. ఒప్పుకుని, తరవాత వదలలేరేమోనని కొంత." ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "ల్యాబు మూసేటప్పుడు మిగిలినవన్నీ నిబంధన ప్రకారం నాశనం చేసేశారండి. ఆ బుడ్డి ఒక్కటీ నేను దాచాను. అది తప్పే. ఆమెవని పారెయ్యలేకపోయాను. పసితనానికి తిప్పినప్పుడు కణం అన్నీ మరిచిపోవాలి బాబాయ్ గారూ. ఎవరి ఒంట్లో పుట్టాయో, ఆ మనిషి ఎప్పుడేం తినేవారో, అన్నీ. ఇవెందుకు మరిచిపోలేదో నాకు తెలీదు."

"అది చిన్నప్పట్నించీ మొండిదేనమ్మా," అన్నాడు నూకరాజు. అని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు.

తరవాతి శనివారం పగలు ఆయన పొయ్యి వెలిగించలేదు. బీరువా వెనకనించి పటం తీసి, దుమ్ము దులిపి, గోడకి తగిలించాడు. దేవుడితో రాజీ పడ్డాడని కాదు. కూతురు ఉపవాసం ఉంటే తను ఎలా తింటాడు? పిల్లిని పస్తు పెట్టడానికి వీల్లేదని ఎస్తేరు గట్టిగా చెప్పింది. బతిమాలగా బతిమాలగా కొన్ని వారాలపాటు చూద్దామని ఒప్పుకుంది. పొద్దున నాలుగు ముక్కలు, దీపం పెట్టే వేళకి అసలు భోజనం, ఫోను మాత్రం చేతిలోనే ఉండాలి.

కుదిరింది. చీకటి పడుతుండగా రెండు పళ్లేలు పెట్టేవాడు నూకరాజు. ఒకదాంట్లో ఉప్మా, ఒకదాంట్లో చేప. మంగ పీట మీద బొత్తాం కూర్చునేవాడు. ఫోనులో చక్కెర అంకె జారడం మొదలవగానే పళ్లెం ముందుకి జరిపేవాడు, జారుడు ఆగిపోయేది. "ఆకలేసిందా తల్లీ," అనేవాడు. గండుపిల్లికి ఆ పిలుపేమిటని ఎవరైనా నవ్వుతారేమోనని ముందే తలుపు దగ్గరగా వేసేవాడు. ఆ కొన్ని వారాలూ ఆయన ఎంత సుఖంగా ఉన్నాడో చెప్పాలంటే సిగ్గుపడేవాడు. వారమంతా ఎవరి జాకెట్టు కుడుతున్నా మనసు శనివారం మీదే. కొలత తప్పని మనిషి ఒకావిడకి చేతులు పొట్టిగా కుట్టి ఇచ్చాడు.

కానీ బతికున్న కణాలు ఉన్నట్టే ఉండిపోవు. పూసల్లో అవి పెరుగుతున్నాయి. ప్రతి శనివారం సాయంత్రం వాటి ఆశ కొంచెం పెద్దదయ్యేది. పళ్లెం సరిపోయేది కాదు, పైన గ్లూకోజు కావలసి వచ్చేది. ఒక శనివారం పళ్లెం ముందుంచినా బొత్తానికి తినే ఓపిక లేకపోయింది. అంకె పడిపోతూనే ఉంది. వాడు కేకపెట్టి విరుచుకుపడ్డాడు. ఎస్తేరు వచ్చి ముందుకాలి నరంలోకి గ్లూకోజు ఎక్కిస్తే గానీ కుదుటపడలేదు. ఆ మర్నాడంతా వాడు గోడలకి గుద్దుకుంటూ తిరిగాడు. చూపు మళ్లీ వచ్చేసరికి పొద్దు గూకింది.

ఎస్తేరు సంచీలోంచి అగ్గిపెట్టంత చిన్న డబ్బా తీసి కటింగు బల్ల మీద పెట్టింది. లోపల ఒకే ఒక క్యాప్సూల్ ఉంది.

"కణాలు తయారుచేసినప్పుడే ఆపే దారి కూడా పెట్టామండి. ఇది మింగితే అవి మాత్రమే చచ్చిపోతాయి. బొత్తానికి ఏమీ కాదు. మళ్లీ సూదులు మొదలుపెట్టుకోవాలి, అంతే."

"మళ్లీ చంపమంటావా దాన్ని?"

"మంగ లేదండి."

"మరి శనివారం తిననిదెవరు? దీపం పెట్టేసరికి ఆకలేసేదెవరికి?"

ఎస్తేరు పిల్లి వీపు మీద చెయ్యి వేసింది. "బొత్తాం ఉన్నాడు బాబాయ్ గారూ," అంది. "వచ్చే శనివారానికి ఉండకపోవచ్చు. వాడు పోతే ఆ కణాలూ వాడితోనే పోతాయి."

నూకరాజు ఆ డబ్బాని రెండు రోజులు బొత్తాల అరలో పెట్టి దాని చుట్టూ తిరిగాడు. బొత్తాం బల్ల కింద గుడ్డపీలికల్లో పడుకుని, ఆయన కదిలినప్పుడల్లా తల ఎత్తి చూసేవాడు. వానలో దొరికిన పిల్లిని చున్నీలో చుట్టి తెచ్చిన రోజు మంగ ఏమందో గుర్తొచ్చింది. నాన్నా, వీణ్ణి బతికించాలి అంది. ఆ మాట అన్నది కణాలు కాదు, ఆ పిల్లే. మూడో రోజు ఫోను చేశాడు.

"శనివారం వేద్దామమ్మా," అన్నాడు.

"ఏ రోజైనా వెయ్యొచ్చండి. శనివారం కష్టం కూడాను. చచ్చిపోయే కణం తనలో దాచుకున్న ఇన్సులినంతా వదిలేసి పోతుంది. అసలే ఆ రోజు సాయంత్రానికి అవి నిండుగా ఉంటాయి. గంటల తరబడి ఆపకుండా చక్కెర అందించాలి."

"ఎంత అడిగితే అంత పెడతాను. శనివారమే వేద్దాం. ఆకలితో పోయింది నా కూతురు."

శనివారం మధ్యాహ్నం ఎస్తేరు గ్లూకోజు కలిపిన సెలైను సీసాతో వచ్చి, బొత్తాం కాలికి సన్నటి గొట్టం అమర్చింది. మంగ పీట మీద పాత చీర మడత పరిచి వాణ్ణి పడుకోబెట్టారు. క్యాప్సూలు నూకరాజే వేశాడు. నోరు తెరిపించడం, నాలుక వెనక పెట్టడం, గొంతు నిమరడం, అన్నీ ఎస్తేరు నేర్పినట్టే చేశాడు.

పొద్దు వాలుతుండగా అంకె కదిలింది.

మొదట వాడే తిన్నాడు. కోడిమాంసం మెత్తగా నూరి పెట్టాడు నూకరాజు, వాడు గిన్నె ఖాళీ చేశాడు. అంకె పడింది. ఇంకో గిన్నె. మళ్లీ పడింది. సెలైను చుక్కల వేగం ఎస్తేరు పెంచింది. బొత్తాం తినడం మానేశాక నూకరాజు వేలితో తేనె తీసి చిగుళ్లకి రాశాడు. రాసినకొద్దీ పోతోంది. ఎన్నేళ్ల ఆకలో అది, అంతా ఒక్క పూటే అడుగుతున్నట్టుంది.

"తినమ్మా," అన్నాడు నూకరాజు. "ఇంకొంచెం. ఇది ఒక్కటీ. చల్లారిపోలేదమ్మా, వేడిగానే ఉంది. తిను తల్లీ, నాన్న పెడుతున్నాడుగా."

ఎస్తేరు అంకెలు పైకి చదువుతోంది. ఆయన మాత్రం పిల్లి మొహంలోంచి చూపు తిప్పలేదు. తేనె సీసా అడుగంటింది. ఎదురింటి దీపం కొండెక్కి చాలాసేపైంది.

మెల్లగా అంకె పడటం తగ్గింది. తరవాత ఆగింది. ఆయన మళ్లీ వేలు పెట్టబోతే బొత్తాం మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇంక పడటం లేదండి," అంది ఎస్తేరు.

"అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"కడుపు నిండిందన్నమాట," అన్నాడు నూకరాజు. తేనె అంటిన వేలు తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాడు.

మళ్లీ సూదులు మొదలయ్యాయి. ముందు తిండి, తరవాత ప్లీటు, ఆ మడతలోకి సూది. ఎస్తేరు మోతాదు చెబుతుంది, ఆయన రెండుసార్లు అడుగుతాడు. మరుసటి శనివారం బొత్తాం పొద్దున తిన్నాడు, సూది వేయించుకున్నాడు, మధ్యాహ్నం గుడ్డపీలికల్లో నిద్రపోయాడు. అంకె శుక్రవారం ఎలా ఉందో అలాగే ఉంది. నూకరాజు మాత్రం అన్నం వండుకోలేదు. వండుకోవాలని బియ్యం కొలిచాడు కూడా, మళ్లీ డబ్బాలో పోసేశాడు.

చీకటి పడుతుండగా దీపం పెట్టి, ఉప్మా ఒక్క పళ్లెంలోనే పెట్టుకుని కూర్చున్నాడు. గుడ్డపీలికలు కదిలాయి. బొత్తాం లేచి, ఒళ్లు విరుచుకుని, తిన్నగా వచ్చి మంగ పీట మీద కూర్చుని ఆయనకేసి చూశాడు.

నూకరాజు ఫోను తీసి చూశాడు. అంకె మామూలుగానే ఉంది. కొన్ని వారాలుగా అలవాటైంది కదండీ, అంటుంది ఎస్తేరు, అడిగితే. పిల్లులకి అలవాటు తొందరగా పడుతుందండి, అంటుంది.

ఆయన అడగలేదు. లేచి వెళ్లి రెండో పళ్లెం తెచ్చాడు.